గ్రాండ్ పియానో టచ్ బరువుగా ఉంది: యాక్షన్‌ను నా చేతికి తగ్గట్టు సర్దించుకోవడం ఎలా?

పెడల్‌ప్రియ (టపా 1)

అందరికీ నమస్తే. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నాది ఆరడుగుల గ్రాండ్. ముప్పై ఏళ్లు దాటిన పెట్టె. పాత హ్యామర్ల (తీగలను కొట్టే ఫెల్టు సుత్తుల) మీద తీగల గాట్లు లోతుగా పడిపోయాయని రెండేళ్ల కిందట 88 హ్యామర్లూ కొత్తవి వేయించాను. శబ్దం నిండుగా వచ్చింది, మురిసిపోయాను. ఆ మురిపెం నెల్లాళ్లే. ఇప్పుడు అరగంట వాయిస్తే ముంజేయి బిగుసుకుపోతోంది. మెల్లని చోట్ల నాలుగు వేళ్లతో నాలుగు స్వరాలు కలిపి నొక్కితే మధ్యలో ఒక స్వరం అసలు పలకదు. ఒకే స్వరాన్ని గబగబా నాలుగుసార్లు కొడితే మూడోది ఎగిరిపోతుంది.

మా స్నేహితురాలి పియానో ఇంచుమించు ఇదే సైజు. దాని మీద ఇవే ముక్కలు వాయిస్తే నా చేతులు నావి కానట్టు తేలికగా నడుస్తాయి. నా పియానో చూసిన టెక్నీషియన్ మాత్రం "అంతా కొలతల ప్రకారమే ఉందండీ, అలవాటైపోతుంది" అన్నారు. రెండేళ్లైనా అలవాటు కాలేదు. యాక్షన్‌ను, అంటే కీ నుంచి హ్యామర్ దాకా ఉండే మీటల అమరికను, సర్దించి టచ్ తేలిక చేయించడం సాధ్యమేనా? అడిగేటప్పుడు ఏమని అడగాలి?

నల్లమెట్టు (టపా 2)

ఓ చిన్న పరీక్ష. కుడి పెడల్ పూర్తిగా తొక్కిపెట్టి వాయించి చూడండి. అప్పుడు హాయిగా ఉంటే సగం దోషం డ్యాంపర్లది (తీగల మోత ఆపే ఫెల్టు దిమ్మలు, పెడల్ తొక్కితే అన్నీ లేచిపోతాయి). కీ కాస్త దిగగానే అవి లేవడం మొదలుపెడితే, వాటి బరువునంతా వేలే మోయాలి. హ్యామర్ తన దారిలో సగం దూరం వెళ్లాక డ్యాంపర్ లేవాలి, అంతకు ముందు కాదు.

అర్ధస్వరం (టపా 3)

దీనికింత ఆలోచనెందుకు? కీ ముందుభాగంలో ఇంకో సీసం ముక్క వేయిస్తే సరి. మా గురువుగారి పియానోకి అలాగే చేశారు. తేలికైపోయింది.

ఫెల్ట్‌పిచ్చి (టపా 4)

అర్ధస్వరం గారూ, ఆగండాగండి. సీసం సంగతికి తర్వాత వద్దాం. జ్వరమని తెలియగానే మాత్ర మింగించడం లాంటిది అది.

పెడల్‌ప్రియ గారూ, నేను ఇరవై ఏళ్లుగా యాక్షన్లు విప్పి బిగిస్తున్న మనిషిని. వాయించేవాళ్లు "బరువుగా ఉంది" అన్నప్పుడు ఆ ఒక్క మాట కింద నాలుగైదు వేర్వేరు జబ్బులు దాక్కుని ఉంటాయి. కీని మెల్లగా నొక్కితే తగిలే బరువు ఒకటి. రాపిడి ఒకటి. వేగంగా కొట్టినప్పుడు కదలనని మొండికేసే జడత్వం ఇంకొకటి. లెట్-ఆఫ్ (తీగకు తగిలే ముందు హ్యామర్‌ను వదిలేసే చోటు), స్ప్రింగ్ లాంటి సర్దుబాట్లు తప్పి ఉండటం మరొకటి. శబ్దం మొద్దుగా ఉన్నా చెయ్యి "బరువు" అనే అంటుంది. మీరు రాసిన మూడు లక్షణాలూ ఒకే జబ్బువి కావని నా అనుమానం.

ముందు కొలవండి. గ్రాముల తూకపురాళ్లు ఉంటే చాలు. కుడి పెడల్ తొక్కి పట్టండి, డ్యాంపర్ల బరువు లెక్కలోకి రాకూడదు. కీ ముందు అంచు నుంచి 13 మి.మీ. లోపలికి రాళ్లు పెట్టండి. కీబెడ్‌ను (కీస్ కింది పలకను) పిడికిలితో మెల్లగా తడుతూ ఉంటే, హ్యామర్ ఆగకుండా నెమ్మదిగా లెట్-ఆఫ్ దాకా లేవడానికి కనీసం ఎంత కావాలో అది డౌన్‌వెయిట్. తర్వాత కీని దించి రాళ్లు తీస్తూ పోండి. కీ ఎంత బరువును తనంతట తాను మెల్లగా పైకి ఎత్తుకోగలదో అది అప్‌వెయిట్. రెండూ కలిపి సగం చేస్తే బ్యాలెన్స్ వెయిట్. తేడాలో సగం రాపిడి.

మూడు సి స్వరాల కీస్ (సి2, సి4, సి6) కొలిచి రాయండి, చాలు. ఇంకో సంగతి. ఏదైనా కీని చాలా మెల్లగా నొక్కుతూ హ్యామర్‌ను చూడండి. తీగకు ఎంత దూరంలో జారి వెనక్కి పడుతోంది?

పెడల్‌ప్రియ (టపా 5)

పెడల్ తొక్కితే కొంచెం తేడా ఉంది నల్లమెట్టు గారూ, కానీ జబ్బంతా అక్కడ లేదు.

కొలిచాను. మా అబ్బాయి లెన్స్ పట్టుకుని సాయం చేశాడు.
సి2: డౌన్ 68, అప్ 26
సి4: డౌన్ 64, అప్ 22
సి6: డౌన్ 56, అప్ 20

హ్యామర్ తీగకు దాదాపు 5 మి.మీ. కిందే వదిలేస్తోంది. కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ.

ఫెల్ట్‌పిచ్చి (టపా 6)

5 మి.మీ.! మెల్లగా వాయిస్తే పలకకపోవడానికి కారణం అక్కడే ఉంది. లెట్-ఆఫ్ దగ్గర జాక్ (హ్యామర్‌ను పైకి తోసే మీట), హ్యామర్ షాంక్ (కాడ) కింద తోలు చుట్టి ఉండే చిన్న దిమ్మను, అంటే నకుల్‌ను వదిలేస్తుంది. ఆ తర్వాత హ్యామర్ గాలిలో ఒంటరి. ఆ 5 మి.మీ. అది తన వేగం మీదే పోవాలి. మీరు మెల్లగా ఇచ్చిన వేగం దారిలోనే చచ్చిపోతుంది. మామూలుగా 2 మి.మీ. అటూ ఇటూగా పెడతాం, బాసులో తీగలు ఎక్కువ ఊగుతాయి కాబట్టి కాస్త ఎక్కువ. కొత్త హ్యామర్లు వేశాక లెట్-ఆఫ్ బటన్లు ఎవరూ ముట్టుకోలేదన్నమాట.

ఇక అంకెలు. సి4 లో బ్యాలెన్స్ 43, రాపిడి 21. సి2 లో 47, 21. సి6 లో 38, 18. మధ్యలో బ్యాలెన్స్ 38 దగ్గర, రాపిడి 12, 13 దగ్గర ఉంటే నేను తలూపి పెట్టె మూసేస్తాను. మీకు రెండూ ఎక్కువే. అందులో రాపిడి ముందు తేలాలి. అది ఊరికే వస్తున్న బరువు, దానివల్ల ఏ లాభమూ లేదు. కీ గుడ్డ బుషింగుల్లో బిగువా, సెంటర్ పిన్నుల (మీటలు తిరిగే సన్నని ఇరుసుల) దగ్గరా, క్యాప్‌స్టన్ (కీ వెనక యాక్షన్‌ను ఎత్తే మర) తల నల్లబడి గరుకుగా ఉందా, నకుల్ తోలు ఎండిపోయిందా, ఒక్కొక్కటీ వేరుచేసి చూడాలి. తేమకు కర్రా ఫెల్టూ ఉబ్బి ఇవన్నీ బిగుసుకుంటాయి. పెట్టె పక్కన తేమ కొలిచే మీటరు పెట్టి 45 శాతం దగ్గర నిలబెట్టగలిగితే సగం గొడవలు పుట్టవు.

మూడో స్వరం ఎగిరిపోవడం స్ప్రింగుల పని. సెబాస్తియన్ ఎరార్ కనిపెట్టగా 1821లో పేటెంటు పొందిన డబుల్ ఎస్కేప్‌మెంట్ గొప్పతనమంతా అక్కడుంది. కీ పూర్తిగా పైకి రానక్కర్లేదు. సగం లేచేసరికే రిపిటిషన్ లీవర్ హ్యామర్‌ను ఎత్తి పట్టుకుంటే జాక్ మళ్లీ నకుల్ కిందికి దూరుతుంది. ఆ లీవర్‌ను ఎత్తేది ఓ చిన్న స్ప్రింగ్. మీ స్ప్రింగులు పాత తేలిక హ్యామర్లకు సర్దినవి. కొత్త బరువును అవి ఎత్తలేక చతికిలబడుతున్నాయి. ఇలా చూడండి: గట్టిగా కొట్టి కీని పట్టి ఉంచండి, హ్యామర్ బ్యాక్‌చెక్‌కి (వెనక్కి పడే హ్యామర్‌ను పట్టుకునే దిమ్మకు) చిక్కుకుంటుంది. కీని వెంట్రుకవాసి వదలండి. హ్యామర్ మెల్లగా, మర్యాదగా లేవాలి. మీది లేవదని పందెం.

పెడల్‌ప్రియ (టపా 7)

పందెం గెలిచారు. పది కీస్ చూశాను, ఏడు చచ్చినట్టు పడుకున్నాయి. రెండు సోమరిగా లేచాయి. ఒకటి మాత్రం ఎగిరి గంతేసింది!

అర్ధస్వరం (టపా 8)

సరే, రాపిడి ఒప్పుకుంటాను. అది పోయాక కూడా బ్యాలెన్స్ 43 మిగులుతుంది కదా? అప్పుడైనా సీసమే కదా మందు?

తక్కెడ (టపా 9)

అర్ధస్వరం గారూ, కాటాలో అటొక కిలో, ఇటొక కిలో పెడితే ముల్లు మధ్యలో నిలుస్తుంది. అటొక బస్తా, ఇటొక బస్తా పెట్టినా మధ్యలోనే నిలుస్తుంది. చిటికెన వేలితో కదిపి చూడండి, రెండో కాటా మీ మాట వింటుందా? సీసం చేసేది అదే. మెల్లగా నొక్కినప్పుడు తేలిక, వేగంగా కొట్టినప్పుడు మొద్దు. అందుకే సీసమంటే నాకు పడదు.

ఫెల్ట్‌పిచ్చి (టపా 10)

తక్కెడ గారి పోలిక బాగుంది, కానీ నేరం మొత్తం సీసం మీద వేయకండి. లెక్క చూద్దాం. కీ ఒక మి.మీ. కదిలితే హ్యామర్ సుమారు 5.5 నుంచి 6 మి.మీ. కదులుతుంది. బరువు ఆ నిష్పత్తితో పెరిగి వేలికి తెలుస్తుంది. జడత్వం మాత్రం ఆ నిష్పత్తి వర్గంతో పెరుగుతుంది. నిష్పత్తి 5.7 అనుకుంటే వర్గం 32 పైచిలుకు. 9 గ్రాముల హ్యామర్ వేగంగా కదిలేటప్పుడు వేలికి 290 గ్రాముల ముద్దలా తగులుతుంది. కీలో ముప్పావు దూరాన పెట్టిన 14 గ్రాముల సీసం ముక్క జడత్వంలో కలిపేది 8 గ్రాములే.

దొంగ హ్యామరే. సీసం దొంగకు గొడుగు పట్టేవాడు. సీసం వేస్తే తూకపురాళ్ల లెక్క అందంగా వస్తుంది, హ్యామర్ బరువు మాత్రం అలాగే ఉంటుంది, వేళ్లకది తెలుస్తూనే ఉంటుంది. హ్యామర్ మీద అర గ్రాము తగ్గించగలిగితే నొక్కే బరువులో దాదాపు 3 గ్రాములు, జడత్వంలో 16 గ్రాములు పోతాయి. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు.

పెడల్‌ప్రియ గారూ, మీ నిష్పత్తి కూడా కొలవండి. కీ కింద 6 మి.మీ. మందం దిమ్మ పెట్టి నొక్కండి, హ్యామర్ ఎంత లేచిందో చూడండి.

పెడల్‌ప్రియ (టపా 11)

6 మి.మీ.కి 34 లేచింది. అంటే మీరు అనుకున్న 5.7 దగ్గరే.

తక్కెడ (టపా 12)

వర్గం సంగతి నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను.

నకుల్ స్థానం జరిపితే? షాంకు తిరిగే పిన్ను నుంచి 16 మి.మీ.లో ఉన్నదాన్ని 17కి జరిపిన షాంకులు వేసుకుంటే నిష్పత్తి తగ్గి తేలికవుతుంది కదా?

ఫెల్ట్‌పిచ్చి (టపా 13)

అవుతుంది, కానీ ఊరికే రాదు. నిష్పత్తి తగ్గితే అదే 10 మి.మీ. డిప్‌తో (కీ దిగే లోతుతో) హ్యామర్ తక్కువ దూరం పోతుంది. అప్పుడు కీని ఇంకా లోతుగా దిగనివ్వాలి, లేదా హ్యామర్‌ను తీగకు దగ్గరగా జరిపి 45 మి.మీ. దారిని కుదించాలి. మొదటిది వేగంగా వాయించేవాళ్లకు నచ్చదు, రెండోది గట్టిగా వాయించేవాళ్లకు నచ్చదు. 6కి పైగా ఉంటే జరపమనేవాణ్ని. 5.7కి షాంకులన్నీ మార్చడం ఎలకను తరమడానికి ఇంటికి నిప్పు పెట్టడమే.

పాతచెక్క (టపా 14)

నేను టెక్నీషియన్‌ని కాను, నలభై ఏళ్లుగా వాయిస్తున్నాను. తేలిక తేలిక అని అందరూ తరుముకుంటున్నారు, ఒక మాట చెప్పనివ్వండి.

కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ తన స్టైన్‌వే పియానోను (దాని నంబరు సీడీ 318) హార్ప్‌సికార్డ్ (తీగలను మీటే పాతకాలపు కీబోర్డు వాద్యం) లాంటి చురుకైన స్పర్శ కోసం పట్టుబట్టి సర్దించుకున్నాడు. 1964లో వచ్చిన బాఖ్ ఇన్వెన్షన్స్ రికార్డింగ్ వినండి. పియానో మధ్య స్వరాల్లో, మెల్లగా సాగే చోట్ల కొన్ని స్వరాలు ఎక్కిళ్లు పెట్టినట్టు రెండుసార్లు మోగుతాయి. ఆయనకది తెలుసు. తెలిసే విడుదల చేశాడు, పైగా ఆ రికార్డుతో పాటు ఇచ్చిన నోట్‌లో ఆ ఎక్కిళ్ల గురించి రాశాడు. ఆ వేగం కావాలనుకున్నవాడు ఆ ఎక్కిళ్లు భరించాడు. మీరు భరిస్తారా?

నా మటుకు నాకు వేలి కింద కాస్త బరువు తగలకపోతే మెల్లగా వాయించడం చేతకాదు. ఎక్కడ ఆపాలో వేలికి తెలియదు. డౌన్‌వెయిట్ 42కి దించిన పియానో ఒకటి వాయించాను. ఊదితే మోగేలా ఉంది. గంటసేపు బాగుంది, కచేరీలో చెమటలు పట్టాయి.

నల్లమెట్టు (టపా 15)

పాతచెక్క గారూ, అది మీ చేతి సంగతి. ఆమెది ముంజేయి బిగుసుకునే సంగతి. ఆమెది 64, మీరు భయపడేది 42. మధ్యలో బోలెడంత చోటుంది.

పాతచెక్క (టపా 16)

చోటుందనే నేనూ అంటున్నాను. 53, 54 దగ్గర ఆపమంటున్నాను. బెంచీ ఎత్తు కూడా చూసుకోమ్మా. మోచేయి కీస్ కంటే కిందికి జారితే ఏ యాక్షనైనా బండే.

మంద్రం (టపా 17)

శబ్దం సంగతి ఎవరూ ఎత్తలేదు. నా అనుభవం ఒకటి. ఓ పియానిస్టు టచ్ బరువుగా ఉందని పిలిచారు. కొలిస్తే అన్నీ సరిగ్గా ఉన్నాయి, డౌన్ 51, అప్ 26. ఏం చెప్పాలో తోచలేదు. హ్యామర్ల మీద ఉబ్బిన ఫెల్టును సన్నని ఎమరీ కాగితంతో రెండు పొరలు తీశాను, మూతి తేరుకుంది, శబ్దం విచ్చుకుంది. అంతే చేశాను. ఆయన వచ్చి రెండు నిమిషాలు వాయించి "ఇదిగో, ఇప్పుడు తేలికైంది, ఎంత తగ్గించారు?" అన్నారు. నేను తగ్గించింది గ్రాములో పదో వంతు ఉంటుందేమో. చెవికి అందకపోతే వేలు ఇంకా నొక్కుతుంది, ఇంకా నొక్కితే అలసిపోతుంది. మీ కొత్త హ్యామర్లు మెత్తగా ఉన్నాయా పెడల్‌ప్రియ గారూ?

పెడల్‌ప్రియ (టపా 18)

మొదట్లో చాలా మెత్తగా ఉండేవి, ఇప్పుడు కొంచెం గట్టిపడ్డాయి. పై రెండు సప్తకాలు మాత్రం ఇంకా దుప్పట్లో మాట్లాడినట్టుంటాయి. అక్కడ నేను నిజంగానే ఎక్కువ నొక్కుతాను. మీరు చెప్పేదాకా గమనించలేదు.

స్ప్రింగులు నేనే సర్దుకోవచ్చా? యాక్షన్ బయటికి లాగడం కష్టమా?

మంద్రం (టపా 19)

లాగడం కష్టం కాదు. అదే ప్రమాదం.

నేను నేర్చుకునే రోజుల్లో ఫాల్‌బోర్డు తీశాను, చీక్ బ్లాకుల మరలు విప్పాను, కీ స్లిప్ తీసి పక్కన పెట్టాను. రెండు చివరలా పట్టుకుని ముందుకు జరుపుతున్నాను. పొడుగు చేతుల చొక్కా. కుడి చేతి మణికట్టు దగ్గర గుండీ ఒక తెల్ల కీ మీద పడి దాన్ని నొక్కింది. కీ నొక్కితే హ్యామర్ లేచి ఉంటుంది కదా. లేచిన హ్యామర్ లోపల పిన్‌బ్లాకు (ట్యూనింగ్ పిన్నులు దిగి ఉండే చెక్క) అంచుకు తగిలింది. నేను ఇంకా లాగుతున్నాను. "టప్" మంది. అగ్గిపుల్ల విరిగినంత చిన్న చప్పుడు. షాంకు మెడ దగ్గర విరిగి, హ్యామర్ తల పక్కదాని భుజం మీద వాలి ఉంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. అప్పటి నుంచి చేతులు మోచేతుల పైకి మడవందే ఏ పియానోనూ ముట్టుకోను.

ఫెల్ట్‌పిచ్చి (టపా 20)

వృత్తిలో అందరికీ ఒక్కో "టప్" ఉంటుంది. నాది రెండు.

పెడల్‌ప్రియ గారూ, 88 స్ప్రింగులు మీరు సర్దుకోవద్దు. ఇంకో టెక్నీషియన్‌ను పిలిచి "టచ్ తేలిక చేయండి" అనకండి. ఈ అంకెలు చేతికిచ్చి ఈ వరసలో అడగండి. ముందు రాపిడి 13 దగ్గరికి దించమనండి. ఆ తర్వాత హ్యామర్ల పక్కలు చెక్కి బరువు తగ్గించమనండి, పై సప్తకాల్లో శబ్దం తెరవమనండి. సర్దుబాటు చివర్న. బరువు మారితే స్ప్రింగులు మళ్లీ మారతాయి, వరస తిరగేస్తే రెండుసార్లు పని. డ్యాంపర్లు లేచే సమయం కూడా అప్పుడే చూడమనండి. ఒక సప్తకం మాత్రం ముందు చేయించుకుని, వారం వాయించి, నచ్చితే మిగతావి చేయించండి. మీ చెయ్యి ఎటు మొగ్గుతుందో అంకెలు చెప్పలేవు.

పెడల్‌ప్రియ (టపా 21)

ఆరు వారాలైంది, వచ్చి చెప్పకపోతే బాగుండదు.

కొత్తాయన అంకెల కాగితం చూసి ముందు నవ్వారు, తర్వాత కళ్లజోడు పెట్టుకున్నారు. మధ్య సప్తకం ముందు చేశారు. కీ బుషింగులు సడలించారు, క్యాప్‌స్టన్లు అద్దాల్లా తోమారు, బిగిసిన సెంటర్ పిన్నులు పాతిక దాకా మార్చారు. హ్యామర్ల పక్కలు చెక్కితే ఒక్కోదాన్నుంచి అర గ్రాము రాలింది. ఆ దూది లాంటి పొడి ఓ గిన్నెడు పోగైంది, మా అబ్బాయి దాచుకున్నాడు. లెట్-ఆఫ్ 2 మి.మీ.కి తెచ్చి స్ప్రింగులు మళ్లీ సర్దారు.

సి4 ఇప్పుడు డౌన్ 53, అప్ 27. అంటే బ్యాలెన్స్ 40, రాపిడి 13. పాతచెక్క గారు చెప్పిన చోటికే చేరింది, కావాలని చేసింది కాదు. వారం వాయించాక మిగతావన్నీ చేయించాను.

వింతేమిటంటే, మొదటి రెండు రోజులు గట్టిగా మోగి భయపెట్టింది. రెండేళ్లుగా నేను అలవాటు చేసుకున్న బలమంతా ఒక్కసారి ఎక్కువైపోయింది. మూడో రోజు సాయంత్రం నాలుగు స్వరాలు కలిపి మెల్లగా నొక్కాను, మధ్య స్వరం పలికింది. ఇంకా మెల్లగా నొక్కాను. అప్పుడూ పలికింది. గబగబా కొడితే నాలుగూ ఉన్నాయి. ముంజేయి బిగుసుకోవడం పోయింది. బెంచీ కూడా ఒక మెట్టు ఎత్తాను లెండి.

ఒక్క ఇబ్బంది. మధ్య సి పైన ఉన్న ఎఫ్-షార్ప్‌ను మెల్లగా నొక్కితే రెండుసార్లు మోగుతోంది. గూల్డ్ ఎక్కిళ్లు నాకూ వచ్చాయి!

ఫెల్ట్‌పిచ్చి (టపా 22)

చాలా సంతోషం. ఎక్కిళ్లకు స్ప్రింగ్ బిగువు ఎక్కువైతే కారణం కావచ్చు, లేదా లెట్-ఆఫ్ మరీ దగ్గరైందేమో. కొట్టి పట్టి, వెంట్రుకవాసి వదిలి చూడండి. గంతేస్తే స్ప్రింగ్. మర్యాదగా లేస్తే లెట్-ఆఫ్‌ను 2.5 మి.మీ.కి వదలమనండి. మొదటిసారి మీరు చూసినప్పుడు గంతేసింది ఇదేనా?

పెడల్‌ప్రియ (టపా 23)

ఇదే! గంతేస్తోంది. మొన్న ఆయన ట్యూనింగుకి వచ్చినప్పుడు స్ప్రింగ్ కొంచెం సడలించారు, ఆగిపోయింది.

నిన్నటి నుంచి పక్కనున్న జి మొదలుపెట్టింది.

నల్లమెట్టు (టపా 24)

తేమ మీటరు ఎంత చూపిస్తోందండీ?

పెడల్‌ప్రియ (టపా 25)

61. కిటికీ మూసి వస్తాను.